ఎవరెవరికి చెప్పాలి

రెండింటికీ మూడింటికీ మధ్య వస్తానన్నాడు కరెంటు మనిషి. రెండూ పది అయింది. గైక్ సువాన్ కుట్టు మిషను పక్కన స్టూలు వేసుకుని కూచుని ఉంది. మిషను మొహం గోడవైపుకి ఉంది. సామాను మోసినవాళ్ళు నిన్న ఎలా దించారో అలాగే ఉంది, తిప్పడం తనొక్కతి వల్ల కాదు. అరవై అయిదేళ్ళ మనిషి, ఆ ఇనప కాళ్ళ మిషనుని జరపబోతే నడుము పట్టేస్తుంది. తొమ్మిదో అంతస్తు. నెత్తిమీద ఫ్యాను కదలదు. వంటింటి కిటికీలోంచి సముద్రం ఒక పట్టీలాగా కనిపిస్తోంది, దాని మీద పొడుగాటి వంతెన, ఈ పినాంగ్ దీవికి అవతల పెద్దనేల మీది కొండలు. ఇంత ఎత్తుకి గాలి వస్తుంది గాని మనుషుల చప్పుడు రాదు. పాత ఇంట్లో ఈ వేళకి వీధి తలుపు ముందు నుంచి సైకిళ్ళు పోతుండేవి, నూడుల్స్ బండి వాడు వెదురు ముక్కలు టకటకలాడించేవాడు, ఎదురింటి ముసలాయన గొంతు సవరించుకుని ఉమ్మేవాడు. ఆ ఉమ్ముకి యాభై ఏళ్ళు విసుక్కుంది. ఇప్పుడు చెవులు దాన్నే వెతుకుతున్నాయి.

ఫ్రిజ్ తలుపు మీద పెక్ హూన్ అంటించి వెళ్ళిన కాగితం ఉంది. పెక్ హూన్ తమ్ముడి కూతురు, ఇద్దరు పిల్లల తల్లి, అయినా ఇప్పటికీ బడిలో క్లాసు లీడరులాగే మాట్లాడుతుంది. ఇల్లు వెతికింది ఆ పిల్లే, లారీ మాట్లాడింది ఆ పిల్లే, తమ్ముడు పోయాక తనకి మిగిలిన మనిషీ ఆ పిల్లే. కాగితం మీద పెద్ద అక్షరాలతో 'ఎవరెవరికి చెప్పాలి' అని రాసి, కింద వరసగా బ్యాంకు, ఆస్పత్రి, పేపరువాడు, గ్యాసువాడు, వంశం వాళ్ళ సంఘం, గుడి, నీళ్ళ ఆఫీసు. "చెప్పినవి చెప్పినట్టు కొట్టేస్తూ ఉండత్తా, లేకపోతే నీ ఉత్తరాలన్నీ ఆ హోటలు కట్టేవాళ్ళ చెత్తబుట్టలోకే పోతాయి" అంది. "నాకు ఉత్తరాలు రాసేదెవరే?" అంటే, "కంటి డాక్టరు రాస్తాడు, రాయకపోతే నువ్వు వెళ్ళవుగా" అని నోరు మూయించింది. ఏడింటిలో ఆరు కొట్టేసి ఉన్నాయి. అయినా నిన్నటి నుంచీ ఒకటొకటిగా మరిచిపోయినవి గుర్తొస్తూనే ఉన్నాయి, గొంతులో చేపముల్లులాగా, మింగుతుంటే తెలుస్తున్నాయి. పాత ఇంటి వెనక తలుపు తాళంచెవి ఇంకా తన గౌను జేబులోనే ఉంది. గుర్తింపు కార్డు మీద పాత చిరునామాయే ఉంది. వంటింటి గోడకి అంటించిన పొయ్యి దేవుడి బొమ్మ తీసుకురాలేదు. పొగకి నల్లబడి గోడలో కలిసిపోయిన బొమ్మని ఎలా ఊడదీయడం, అలాగని ఆయనకి ఒక మాటైనా చెప్పి రావద్దూ? మాపటివేళ గోడ దూకి వచ్చే ఒంటికన్ను పిల్లికి ఎవరు పెడతారు? సబ్బు ఏ పెట్టెలో ఉందో తెలీదు, నిన్న గిన్నెల పొడితోనే మొహం కడుక్కుంది. మొదటి రోజుకి కావలసినవన్నీ ఒక సంచిలో విడిగా పెట్టుకోమని పెక్ హూన్ చెప్పనే చెప్పింది. పెట్టుకుంది కూడా. ఆ సంచే ఎక్కడుందో కనిపించదు.

మరిచిపోకూడనివి మాత్రం మరిచిపోలేదు. నిన్న పొద్దున గడప దాటుతూ ముందు బియ్యం డబ్బా తెచ్చింది, నిండుగా, పైన ఎర్ర కాగితం పెట్టి. తర్వాత నీళ్ళ బకెట్టు. పెక్ హూన్ ఒక అనాసపండుని వాకిట్లోంచి లోపలికి దొర్లించి, "దొర్లి రా, కలిసి రా!" అని అరిచింది, పక్క వాటాలో ఉన్న మలయ్ ఆవిడ తలుపు తీసి చూసి నవ్వింది. అన్నిటికంటే ముఖ్యం అమ్మ పేరు రాసిన చెక్కపలక, ధూపం గిన్నె. వాటి మీద గొడుగు పట్టుకుని, కారు మలుపు తిరిగినప్పుడల్లా, "అమ్మా, కుడివైపు తిరుగుతున్నాం, వెంటే రా... అమ్మా, ఇది కొత్త రోడ్డు, భయపడకు... అమ్మా, ఇది లిఫ్టు" అని చెప్తూ తెచ్చింది. లిఫ్టులో ఉన్న కాలేజీ పిల్ల ఇద్దరినీ చూసి చెవుల్లో వైర్లు తీసేసి తల వంచుకుంది. చచ్చిపోయిన అమ్మకి మలుపు మలుపుకీ చెప్పింది. బతికున్నవాళ్ళకి చెప్పడానికి ఈ కాగితం. మరి ఈ రెంటిలోకీ రాని మనిషి? బతికుందో లేదో తనకి తెలియదు, అలాంటి మనిషి ఒకతె ఉన్నట్టే పెక్ హూన్‌కి తెలియదు, అందుకే ఆ కాగితం మీద ఆ పేరు లేదు. నాలుగు రోజులుగా పెట్టెలు కడుతూ, తాళ్ళు బిగిస్తూ, గోడల మేకులు పీకుతూ తను తప్పించుకు తిరుగుతున్న పేరు. ఎవరైనా వచ్చి ఆ ఇంటి తలుపు తడితే? తడితే ఎవరు పలుకుతారు? ఇనప గొట్టాల పరంజా కట్టేశారప్పుడే, ముందు గది గోడ కూలుస్తారట, కుట్టు మిషను ఉండే చోట బల్లలు వేసి కాఫీ అమ్ముతారట. మల్లెపూలు పెట్టుకున్న ఒక మనిషి వచ్చి, ఇక్కడ యూనిఫారాలు కుట్టే ఆవిడ ఉండాలే, అని అడిగితే ఎవరికి ఏం తెలుసు?

పదకొండేళ్ళ కిందట కూడా ఇలాంటి మధ్యాహ్నమే, వాన వచ్చే ముందటి ఉక్క. బడి తెరిచే రోజులు, నీలం గుడ్డ తానులు నేల మీద గుట్టగా పడి ఉన్నాయి. వాకిట్లో ఎవరో చెప్పులు విప్పుతున్నారు. తలెత్తితే అమ్మ నిలబడి ఉంది. అమ్మ వెనక గదిలో మంచం మీద ఉంది కదా, మరి ఇదేమిటి అని ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. అదే నుదురు, అవే పలచని కనుబొమలు, ఎడమవైపుకి కాస్త వంగిన నోరు. అమ్మ ముఖానికి బొట్టు పెట్టి, ఆకుపచ్చ చీర కట్టి, తలలో మల్లెపూలు తురిమినట్టు. పక్కన ఆరేళ్ళ పిల్ల, చేతిలో మూత గట్టిగా బిగించిన డబ్బా. ఆ మనిషి పాఠం అప్పచెప్పినట్టుగా, ఒక్కో మాటా కూడదీసుకుని, తమ హొక్కియెన్ చీనా భాషలో, "నేను లియాన్‌ని" అంది. అంతవరకే నేర్చుకుని వచ్చింది, ఊళ్ళో కిరాణా కొట్టు చీనాయన దగ్గర. తర్వాతంతా మలయ్‌లోనే. పెంచిన తల్లి పోయే ముందు చెప్పిందట, మీవాళ్ళు పినాంగ్‌లో ఫలానా వీధి వెనక సందులో, బట్టలు ఉతికే ఆవిడ ఇల్లు అని. ఇప్పటి పేరు నూకరత్నం అంది. బాగాన్ దతో దగ్గర కొబ్బరి తోటలో ఉంటాం అంది, మాది తెలుగువాళ్ళ లైను, తోట కూలీల ఇళ్ళ వరస అంది. "ఇది నా కూతురి కూతురు, కౌసల్య." గైక్ సువాన్ లేచి నిలబడింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. ఏదో అనాలి. నోటి దాకా వచ్చినవి అన్నీ ఒకేసారి రాబోయి ఒక్కటీ రాలేదు. అప్పుడే వెనక గదిలోంచి అమ్మ గొంతు, "ఎవరే అది?"

ఎన్నిసార్లు ఆ చోటికి వచ్చినా అక్కడ ఆగిపోతుంది. ఒక్క మాట. వేరే మాట ఏదైనా అని ఉండొచ్చు. "నువ్వే వచ్చి చూడమ్మా" అని ఉండొచ్చు. ఊరుకున్నా సరిపోయేది. చిన్నప్పుడు ఆ పేరు ఎత్తితే అమ్మ పళ్ళెం అవతలికి తోసేసి లేచిపోయేది. తనూ తమ్ముడూ ఎత్తడం మానేశారు. మానేసిన అలవాటు నలభై ఏడేళ్ళు ముదిరి రాయిలా అయిపోయింది. ఆ రాయే పలికింది ఆ రోజు. "బట్టలు కుట్టించుకోడానికి వచ్చారమ్మా!" నూకరత్నానికి హొక్కియెన్ రాదు. రాదనే ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పుకుంది. కాని ఆ మాట అన్నాక ఆ మనిషి కళ్ళు నేల మీది నీలం గుడ్డల మీదికి వెళ్ళాయి, కొలతల టేపు మీదికి వెళ్ళాయి, తిరిగి తన ముఖం మీదికి వచ్చాయి, అంతే. అర్థం కావడానికి భాషే రావాలని ఏముంది. టీ ఇచ్చింది. తాగారు. డబ్బాలో ఏవో ఉండలు, మినుముల వాసన, నెయ్యి వాసన, నోట్లో వేసుకుంటే అంగిలికి అంటుకుని కరిగిపోయేవి. వెళ్ళేముందు ఒక కాగితం మీద ఫోను నంబరు రాసి మిషను మీద పెట్టి, "పెద్దావిడకి ఒంట్లో బాగున్న రోజు చెప్పండి, వస్తాను" అంది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ వాళ్ళ భాషలో ఇంకేదో కూడా అంది. వాన మొదలైంది. గొడుగు ఉందో లేదో కూడా తను అడగలేదు. ఉన్న గొడుగు తలుపు పక్కనే వేలాడుతోంది, ఆ నల్ల గొడుగే, నిన్న అమ్మ పలక మీద పట్టుకున్నది.

ఆ సాయంత్రం అమ్మకి గంజి తాగిస్తుంటే, రెండు చెంచాలు తాగి మూడోది వద్దని తల తిప్పుకుని, గోడకేసి చూస్తూ అడిగింది. "ఆ పిల్ల తిని వెళ్ళిందా?" చెంచా చేతిలోనే ఉండిపోయింది. "ఏ పిల్లమ్మా?" అమ్మ చేత్తో మూతి తుడుచుకుంది. చాలాసేపటికి, "ఉత్త టీ తాగి అంత దూరం వెళ్ళిందన్నమాట" అని మాత్రం అంది. అంటే తెలుసు. గొంతు విని తెలుసుకుందో, ఆ వచ్చీరాని మాటలు విని తెలుసుకుందో, పలచని చెక్క గోడ, అవతల మంచం మీద పడుకుని అంతా వింటూ ఉండిపోయింది. లేచి రావడానికి కాళ్ళు లేకనా, ముఖం చెల్లకనా? ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది అమ్మ, ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. తనూ ఎత్తలేదు. ఒకళ్ళకోసం ఒకళ్ళు దాచిపెట్టారు, ఒకే వంటింట్లో, ఒకే కుండలో అన్నం తింటూ. ఆ ఉండలు మాత్రం రోజుకొకటి చొప్పున తను ఒక్కతే తింది, తలుపు వెనక నిలబడి. ఒకటి చిదిపి అమ్మ గంజిలో కలిపి ఉంటే ఏం పోయేది? డబ్బా ఇప్పటికీ ఉంది, గుండీలు వేసుకుంటుంది అందులో. ఇక్కడి పెట్టెల్లో ఎక్కడో గలగలమంటూ ఉండాలి.

నూకరత్నం వాకిట్లో అన్న ఆ చివరి మాట అర్థం కాలేదు గాని చెవుల్లో అలాగే ఉండిపోయింది, పాటలో ఒక ముక్కలాగా. ఎల్లొస్తాను. అమ్మని పెద్దాస్పత్రిలో చేర్చినప్పుడు తెలుగు నర్సు ఒకావిడ ఉండేది. ఆవిడ డ్యూటీ దిగి వెళ్తుంటే వరండాలో ఆపి అడిగింది, ఈ మాటకి అర్థమేమిటని. తను పలికిన తీరుకి ఆవిడ పకపకా నవ్వింది. "వెళ్ళి వస్తాను, అని అండీ." గైక్ సువాన్ గుండె ఒక్కసారి పైకి లేచింది. వస్తానందన్నమాట, తనతో వస్తానని చెప్పే వెళ్ళిందన్నమాట. ఆ ముఖం చూసి నర్సు జాలిపడిందో ఏమో, "మావాళ్ళెవరైనా గడప దాటేటప్పుడు అదే అంటారండీ. వెళ్తాను అని ఊరికే అనకూడదు. మళ్ళీ రానివాళ్ళు కూడా అదే అంటారు" అంది. అప్పట్నుంచి ఆ మాట రెండుగా చీలిపోయింది. కొన్ని రోజులు అది మాట ఇచ్చినట్టు ఉండేది, కొన్ని రోజులు మర్యాదకి అన్నట్టు. అయినా వాకిలివైపే మొహం పెట్టి మిషను తొక్కింది. ఇంటాయన ఖాళీ చెయ్యమని మొదటిసారి అన్నప్పుడు కాళ్ళావేళ్ళా పడి రెండేళ్ళు ఆపింది. పెక్ హూన్, "ఆ కారే కప్పు కింద ఏముందత్తా, ఎలకలు తప్ప" అని కోప్పడింది. ఏం చెప్తుంది? ఒకావిడకి ఈ ఇల్లు ఒక్కటే తెలుసు అని చెప్తే, ఎవరావిడ అంటుంది.

ఎవరంటే ఏమనాలి. వీపు మీద ఎనిమిది నెలలు మోసిన బరువు అనాలి. అప్పటికి తనకి ఏడేళ్ళు. నాన్న దగ్గుతూ దగ్గుతూ పడవ పని మానేసి మంచాన పడ్డాడు, తమ్ముడికి మూడేళ్ళు, అమ్మ పగలంతా ఇళ్ళల్లో బట్టలు ఉతికేది. లియాన్ తన వీపు మీదే పెరిగింది, పూల గుడ్డతో అడ్డంగా కట్టుకుంటే తన మెడ మీద చొంగ కారుస్తూ నిద్రపోయేది. వేరే ఎవరెత్తుకున్నా ఏడుపు. అందుకే ఆ రోజు అమ్మ, "నువ్వే రేవు దాకా తీసుకెళ్ళు, నిద్రలో ఉండగా ఇచ్చెయ్" అంది. అమ్మ రాలేదు. అమ్మ తొట్టి దగ్గర కూచుని బట్టలు ఉతుకుతూనే ఉంది, తలెత్తకుండా. ఒక నల్లటి పొడుగాటాయన, పక్కన ముక్కుపుడక పెట్టుకున్న ఆవిడ ముందు నడుస్తున్నారు. ఆవిడకి పిల్లలు లేరట, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూస్తోంది, తన ముఖం కాదు, తన భుజం మీది ఆ చిన్న తల. ఎండకి రోడ్డు తారు మెత్తబడి కాళ్ళకి అంటుకుంటోంది. ఫెర్రీ మెట్ల దగ్గర ఆవిడ మోకాళ్ళ మీద కూచుని, ముడి తను విప్పకుండా తననే విప్పనిచ్చింది. పిల్ల లేవలేదు. నిద్రలో తన జుట్టు పట్టుకుని ఉంది, ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది తనే. అయిదు వేళ్ళు. ఇంటికి వస్తుంటే వీపు మీద తడి ఆరిపోతూ చల్లగా ఉంది, ఖాళీ గుడ్డ భుజాన వేసుకుని పరిగెత్తింది, ఎందుకు పరిగెత్తిందో తెలీదు. ఇవ్వాలనుకున్నది అమ్మ. ఇవ్వాల్సొచ్చింది నాన్న జబ్బు వల్ల. తీసుకెళ్ళి ఇచ్చింది మాత్రం తను. నూకరత్నం ఆ రోజు టీ తాగుతూ, "నన్ను ఎవరు ఇచ్చారో మా అమ్మ చెప్పలేదు, ఒక చిన్న పిల్ల మోసుకొచ్చింది అని మాత్రం అంది" అన్నప్పుడు, తను ఇంకాస్త టీ పోసింది.

అమ్మ పోయింది మూడేళ్ళ కిందట. చావు కబురు అచ్చు వేసేవాడు పెన్ను పట్టుకుని, కొడుకులెందరు, కూతుళ్ళెందరు అని అడిగాడు. కొడుకు ఒక్కడు, లేడు. కూతురు? "ఒక్కతే" అంది. ఎవరూ అడ్డుకోలేదు, అడ్డుకునేవాళ్ళెవరూ లేరు. చావింట్లో మూడు రోజులూ కూతుళ్ళు కూచునే చాప మీద ఒక్కతే కూచుంది, పక్కన చోటు ఉంచుకుని, పెక్ హూన్ వచ్చి ఆ చోట్లో కూచోబోతే, "అటు కూచో" అని గసిరింది కూడా. లియాన్ నంబరు నోటికి వచ్చు. కాగితం ఎప్పుడో చిరిగిపోయింది, అంకెలు మాత్రం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూడా లోపల దొర్లుతాయి. అయినా ఆ మూడు రోజులూ చెయ్యలేదు. చేస్తే ఏం చెప్పాలి, నిన్ను రానివ్వని ఇంట్లోంచి ఇప్పుడు శవాన్ని చూసి పొమ్మని పిలుస్తున్నాను అనా? నెల పోయాక చేద్దామనుకుంది. నెల పోయాక, నెల రోజులు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? ఏడాది పోయాక ఇక అస్సలు కాదు. ఒకవేళ తనే వస్తే చెప్దాం, వాకిట్లో నిలబడితే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ధూపం ముందు కూచోబెట్టి అప్పుడే అన్నీ చెప్దాం. ఆ వాకిలి ఉందన్న ధైర్యంతో మూడేళ్ళు. నిన్న ఆ వాకిలి తాళం వేసింది. ఇక వచ్చే దారి లేదు ఆమెకి. ఆ సంగతి కారులో కూచున్నాక తెలిసింది. ఫోను తీసింది కూడా. ఛార్జింగ్ అయిపోయి నల్లగా ఉంది. ఎంత ఊరట పడిందో, ఆ నల్లటి అద్దం చూసి. సిగ్గులేని ఊరట.

తలుపు దబదబా బాదారు. "ఆంటీ! కరెంటు!"

యాభై దాటిన మలయ్ మనిషి, మెడలో టార్చి, చెమటకి తడిసిన చొక్కా. "లిఫ్టు కింద పావుగంట నిలబెట్టేసింది నన్ను. మీటరు పెట్టె ఎక్కడ ఆంటీ?"

"నాకేం తెలుసు నాయనా, నిన్ననేగా వచ్చింది."

"కొత్తింట్లో దిగిన అందరిదీ ఇదే మాట. సోఫా ఎక్కడ వేయాలో తెలుస్తుంది, మీటరు ఎక్కడుందో మాత్రం ఒక్కరికీ తెలీదు."

"నాకు సోఫా కూడా లేదు" అంది గైక్ సువాన్. అతను నవ్వుతూ తలుపు వెనక ఉన్న పెట్టె తనే వెతుక్కుని, మూత తీసి, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. "పాత ఇంట్లో చివరి రీడింగు ఫోటో తీసుకున్నారా?"

"లేదు."

"అదీ అందరూ మర్చిపోయేదే. ఇవాళే వెళ్ళి తీసుకోండి, గోడ కూల్చాక ఏముంటుంది. ఆ ఫ్రిజ్ నిలబెట్టి తెచ్చారా, పడుకోబెట్టి తెచ్చారా?"

"పడుకోబెట్టే."

"అయితే చీకటి పడేదాకా ఆన్ చెయ్యకండి, లోపలి నూనె కిందికి దిగాలి." ఏదో నొక్కాడు. నెత్తిమీద ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరగడం మొదలైంది. ఫ్రిజ్ మీది కాగితం రెపరెపలాడింది. వంటింట్లో తెలియకుండా వేసి ఉంచిన దీపం వెలిగింది, పగటి వెలుగులో పాలిపోయి. "ఒక్కరే ఉంటారా, ఆంటీ?"

"ఒక్కదాన్నే."

"పక్కవాళ్ళకి మీవాళ్ళెవరిదైనా నంబరు ఇచ్చి ఉంచండి. ఒంటరిగా ఉన్నవాళ్ళు ఇది కూడా మర్చిపోతారు" అంటూ సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

మీవాళ్ళెవరిదైనా. గైక్ సువాన్ ఛార్జరు వెతికింది. పోయిందనుకున్న సంచిలోనే ఉంది, సంచి కుట్టు మిషను వెనకే ఉంది, సబ్బుతో సహా. గోడ మొదట్లో ప్లగ్గు. వైరు పొట్టిది, నేల మీద చతికిలపడితే గాని చెవికి అందదు. కూచుంది. కొత్త గచ్చు చల్లగా ఉంది. అద్దం వెలిగింది. కాస్త ఛార్జింగ్ ఎక్కాక చేద్దాం అనుకుంది. ఎక్కింది. నీళ్ళు తాగి చేద్దాం అనుకుని, లేస్తే మళ్ళీ కూచోనని తెలిసి లేవలేదు. పదకొండేళ్ళయింది, నంబరు మారిపోయి ఉంటుంది, ఈ రోజుల్లో ఎవరుంచుకుంటారు పాత నంబరు, ఎవరో వేరేవాళ్ళు ఎత్తుతారు, రాంగ్ నంబరు అంటారు, అయిపోతుంది. అలా అనుకుంటేనే వేలు కదిలింది. అంకెలు వాటంతటవే దొర్లాయి. మోగుతోంది. కిటికీ అవతల కొండల మీద వాన దిగుతోంది, వంతెన మధ్య దాకా కనిపించి ఆపైన తెల్లగా చెరిగిపోయింది.

"హలో, ఎవరండీ?" పడుచు గొంతు, వాళ్ళ భాషలో.

"నూకరత్నం ఉందా?" మలయ్‌లో అడిగింది. గొంతు తనది కానట్టుగా వచ్చింది.

"ఉంది. మీరెవరు?" ఆ పిల్లా మలయ్‌లోకి మారింది.

"పినాంగ్ నుంచి."

"నిజంగా పినాంగ్ నుంచా? అమ్మో. మా అమ్మమ్మ ఈ నంబరు చచ్చినా మార్చనివ్వదండీ. మూడు ఫోన్లు మారాయి, నంబరు మాత్రం ఇదే. పినాంగ్ నుంచి చేస్తారు, చేస్తారు అని ఒకటే గొడవ. మేం ఏడిపిస్తాం కూడా. ఉండండి, పెట్టెయ్యకండి, దండం పెడతాను పెట్టెయ్యకండి" అంటూ ఆ పిల్ల పరిగెత్తడం వినిపించింది, అమ్మమ్మా అమ్మమ్మా అన్న కేక, కోళ్ళు బెదిరి అరవడం, ఎక్కడో కొబ్బరి మట్టలు ఈడుస్తున్న చప్పుడు. కౌసల్య. ఆ రోజు డబ్బా పట్టుకుని నిలబడ్డ పిల్ల. గైక్ సువాన్ అరచేతిని నేలకి ఆనించి ఉంచింది, ఒరిగిపోకుండా. తను ఇల్లు పట్టుకుని కూచుంటే, అక్కడ ఆ మనిషి నంబరు పట్టుకుని కూచుందన్నమాట.

"అక్కా?" ఆయాసం. "నువ్వేనా?"

"నేనే." చెప్పాల్సినవన్నీ మళ్ళీ గుమ్మం దగ్గర తోసుకుంటున్నాయి. అన్నిటికంటే తేలికైనది ముందు బయటపడింది. "ఇల్లు మారాను. నీకు చెప్పాలి కదా అని."

"మారావా? ఆ ఇల్లు వదిలేశారా? అయ్యో. కొత్తది బాగుందా? మెట్లెక్కాలా?" గొంతులో సంతోషం తన్నుకొస్తుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "పెద్దావిడ మెట్లెక్కగలదా మరి? ఎలా ఉంది? తొంభై దాటి ఉంటాయి కదూ?"

ఫ్యాను తిరుగుతోంది. పక్క వాటాలో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు.

"అమ్మ లేదు, లియాన్. మూడేళ్ళు దాటింది. నీకు కబురు చెయ్యాల్సింది నేనే. చెయ్యలేదు. నంబరు ఉండీ చెయ్యలేదు."

తిడుతుందనుకుంది. పెట్టేస్తుందనుకుంది. పెట్టేసినా బాగుండును అనుకుంది.

"ఉండు" అంది నూకరత్నం. అంతే. ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు, చెక్క మీద. నడిచిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు, కోళ్ళు తప్ప. తర్వాత ఒక్కసారిగా నీళ్ళు, ఎత్తు నుంచి పడి రాతి మీద చిట్లినట్టు. ఆగి, మళ్ళీ. చెంబు డ్రమ్ముకి తగిలిన మోత. మళ్ళీ నీళ్ళు.

"హలో," కౌసల్య గొంతు, లోగొంతుకతో, ఇందాకటి హుషారు లేకుండా. "ఏం చెప్పారు మీరు? అమ్మమ్మ పెరట్లో నెత్తిమీద నీళ్ళు పోసుకుంటోంది, కట్టుకున్న చీరతోనే."

"ఎందుకు?" అంది గైక్ సువాన్. అర్థం కాలేదు, భయం వేసింది.

"మాలో అంతేనండీ. కన్నతల్లి పోయిందని ఎప్పుడు తెలిస్తే అప్పుడు తలమీద నీళ్ళు పోసుకోవాలి. ఎన్నేళ్ళయినా సరే, తెలిసిన రోజే లెక్క." కాస్త ఆగి, "తల్లి అంటేనే ఇలా. పరాయివాళ్ళకి చెయ్యరు" అంది. మళ్ళీ, మర్యాదగా, "ఆలస్యమవుతుందేమో. పెట్టేస్తారా? తర్వాత చేయించనా?"

"వద్దమ్మా. ఆగుతాను. ఎంతసేపైనా ఆగుతాను, నువ్వు ఫోను అక్కడే ఉంచు."

ఆ పిల్ల తిని వెళ్ళిందా అని అమ్మ అడిగిన మాట ఒకటుంది, పదకొండేళ్ళ నాటిది, అది అందవలసిన మనిషికి ఇంకా అందలేదు. రేవు దాకా మోసుకెళ్ళిన ఆ చిన్న పిల్ల ఎవరో కూడా చెప్పాలి. నీళ్ళు ఆగాక. తొందరేం లేదు. గైక్ సువాన్ గోడకి జారగిలబడి, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, ఫోను చెవికి ఆనించుకుని వింటూ కూచుంది. చెంబు మునిగింది, లేచింది. నీళ్ళు పడ్డాయి. వాటి మధ్యలో, సన్నగా, ఆ నడివయసు దాటిన మనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా ఏడవడం మొదలుపెట్టింది.